ఏ ఊరికీ మొహం తిప్పని నడేటమ్మ

మేడిలంక నుంచి గవ్వలపాలెం వెళ్ళే బస్సు వంతెన సరిగ్గా మధ్యకు రాగానే ఆగుతుంది. అక్కడ ఊరు లేదు, ఇల్లు లేదు, కనీసం టీకొట్టయినా లేదు. కింద ఏరు, కనుచూపు మేరలో సముద్రం. అయినా డ్రైవరు ఇంజను ఆపుతాడు. "నడేటమ్మ! నడేటమ్మ దిగేవాళ్ళు దిగండి!" అని కండక్టరు కేక వేస్తాడు. దిగేవాళ్ళు ఎవరూ లేకపోయినా, ఒక మనిషి గ్లాసెడు మజ్జిగ తాగేంతసేపు బస్సు కదలదు. ఈ దారికి కొత్తగా వచ్చిన డ్రైవర్లు మొదటి వారం విసుక్కుంటారు. రెండో వారం మజ్జిగ అడుగుతారు.

వంతెన పక్క మెట్లు దిగితే ఏటి నడుమ పొడవాటి ఇసుక దిబ్బ. దాని మీద నాలుగు రాతి స్తంభాల మంటపంలో అమ్మవారు వెలసి ఉన్నారు. నల్లరాతి విగ్రహం నడుము దాకా ఇసుకలోనే ఉంటుంది. పడమటి ఒడ్డున మేడిలంక, తూర్పు ఒడ్డున గవ్వలపాలెం. అమ్మవారు మాత్రం ఈ రెండిటినీ చూడరు. దక్షిణంగా, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు చూస్తారు. దక్షిణముఖంగా ఉన్న అమ్మవారేమిటని వేరే ఊళ్ళ పండితులు సందేహిస్తారు. సందేహిస్తూ ఎక్కువసేపు నిలబడినవారి చెప్పులు నీళ్ళలో కొట్టుకుపోయిన సందర్భాలున్నాయి.

ఇక్కడ దర్శనవేళలు గడియారాన్ని బట్టి ఉండవు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు ఏట్లోకి ఎదురెక్కి అమ్మవారి రొమ్ము దాకా వస్తుంది. పాటు వేళ నీరు దిగిపోయి దిబ్బ తేలుతుంది. అప్పుడే దర్శనం. ఏ రోజు పాటు ఎప్పుడో మెట్ల దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. ఆ రాసే హక్కు కామాడి వారి ఇంటి ఆడవాళ్ళది. ప్రస్తుతం ఆ బాధ్యత కామాడి సుభద్రమ్మగారు చూస్తున్నారు. పంచాంగకర్తలు తప్పవచ్చు, వార్తల్లో వాతావరణం చెప్పేవారు తప్పడం మామూలే. ఆ నల్లబల్ల తప్పినట్టు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

అమ్మవారు ఏటి మధ్యన ఎందుకు వెలిశారో, బస్సు ఎందుకు ఆగుతుందో, మజ్జిగ ప్రసాదం ఎలా వచ్చిందో భక్తులు తప్పక తెలుసుకోవాలి.

పూర్వం ఇక్కడ వంతెన లేదు. పట్నం నుంచి కాలువ పడవ మేడిలంక లాకు దాకా వచ్చి ఆగిపోయేది. అక్కడి నుంచి సముద్రపు ఒడ్డుకు పోవాలంటే రేవులో ఒకే ఒక్క నావ. మేడిలంకలో వరి, కొబ్బరి, పాడి, తియ్యటి నీళ్ళు ఉండేవి. ఉప్పు లేదు. గవ్వలపాలెంలో ఉప్పుమళ్ళు, ఎండుచేపలు ఉండేవి. తాగే నీళ్ళు లేవు. ఒకరు లేకుండా ఇంకొకరికి పూట గడవదు. ఆ కారణంగానే వారికి ఒకరంటే ఒకరికి పడేది కాదు. మేడిలంకవారు మాట్లాడితే బురద వాసన వస్తుందని గవ్వలపాలెంలో అనుకునేవారు. గవ్వలపాలెం వారు మాట్లాడకపోయినా చేపల వాసన వస్తుందని మేడిలంకలో అనుకునేవారు. రెండూ నిజమే అయినా అనకూడని మాటలు.

ఆ నావ నడిపేది కామాడి పల్లాలు. గవ్వలపాలెంలో పుట్టి మేడిలంకలో మెట్టింది. నావ ఆమె అత్తవారి ఇంటిది. మామగారు నడిపారు, తరవాత భర్త నడిపాడు, అతను జ్వరంతో పోయాక ఆమె తెడ్డు పట్టింది. పడమటి ఒడ్డున ఆమె కోడలు. తూర్పు ఒడ్డున ఆమె కూతురు. రెండు చోట్లా తల వంచుకోవలసిందే. ఏట్లో ఉన్నంతసేపే ఆమె పల్లాలు.

ఆమె తెడ్డు పట్టిన రెండో ఏడు రెండు ఊళ్ళ పెద్దలూ రేవులో కూర్చుని, మొగ దగ్గర ఆడది నావ నడపడం మంచిది కాదని తీర్మానించారు. నూరేళ్ళలో రెండు ఊళ్ళూ కలిసి ఒప్పుకున్న మొదటి విషయం అదేనని చెబుతారు. మేడిలంక మునసబు కడియాల వెంకటరాయుడు తన బావమరిది సూరన్న పేరు చెప్పాడు. సూరన్న ఆయనకు వరసకు బావమరిది, వృత్తికి కూడా బావమరిదే. గవ్వలపాలెం కులపెద్ద సంగాని పోతరాజు అభ్యంతరం చెప్పలేదు. సూరన్న నావ నడిపితే మేడిలంక పరువు ఎలా ఉంటుందో ఆయనకు ముందే తెలుసు.

"మరి నేనేం చెయ్యాలండీ?" అని పల్లాలు అడిగింది.

"ఇంటి పట్టున ఉండమ్మా. సుఖంగా ఉండు" అన్నాడు రాయుడు.

ఇంటి పట్టున తినడానికి ఏముంటుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆ నావ తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదని రేవులో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసే ఎవరి తలపాగా వారు సర్దుకున్నారు.

ఆ రోజుల్లోనే అమ్మవారు బయటపడ్డారు. మేడిలంకలో ముత్తా పేరయ్య అనే గొల్ల ఉండేవాడు. గేదెలను ఏరు ఈదించి గవ్వలపాలెం పచ్చికకు తోలుకుపోయేవాడు. ఒకనాడు ఒక గేదె ఉప్పుమడి పక్కన పడుకుని లేవనంది. కొట్టినా లేవలేదు, బతిమాలినా లేవలేదు. మర్నాడూ అక్కడే, ఆ మర్నాడూ అక్కడే. ఎండకు చల్లగా ఉండి పడుకుందని గిట్టనివాళ్ళు అన్నారు. మూడోరోజు పేరయ్య అక్కడ తవ్వి చూస్తే నల్లరాతి అమ్మవారు. పెద్ద కళ్ళు, చిన్న నోరు. రెండు ఊళ్ళలో ఆ పోలిక ఉన్న ఆడవాళ్ళు ఎవరూ లేరు కనుక అది మానవనిర్మితం కాదని వెంటనే తేలిపోయింది.

కనుగొన్న మనిషి మేడిలంకవాడు. దొరికిన నేల గవ్వలపాలెంది. అంతకంటే మంచి తగువు దేవతలు కూడా కల్పించలేరు. నెలరోజులు వాదించుకున్నాక ఒక ఒప్పందం కుదిరింది. అమ్మవారు ఏడాదిలో సగం అక్కడ, సగం ఇక్కడ ఉంటారు. మొదటి సగం మేడిలంకలో. జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు నావ మీద అమ్మవారిని తీసుకుపోవాలి. నావ నుంచి అమ్మవారు దిగిన క్షణం నుంచి తెడ్డు సూరన్నది. అంతవరకు పల్లాలుది.

అంటే ఆమెకు మిగిలింది ఒక్క దాటు.

ముహూర్తం చామర్తి అవధానిగారు పెట్టారు. మిట్టమధ్యాహ్నం, దివ్యమైన లగ్నం. ఆ సంగతి తెలిసి పల్లాలు వారి అరుగు దగ్గరికి వెళ్ళింది.

"ముహూర్తం బంగారంలా ఉందండి, అవధానిగారూ. కాని ఆ వేళకి ఏట్లో నీళ్ళు ఉండవండి. అమావాస్య పాటు బలంగా లాగుతుంది. పొద్దున్నే బయలుదేరదామండి."

"పొద్దున వర్జ్యం ఉందమ్మా. నక్షత్రం చూశాను కదా."

"నక్షత్రం మీద నావ నడవదండి."

అవధానిగారు నవ్వి తాంబూలం నోట్లో వేసుకున్నారు. నోట్లో తాంబూలం ఉన్న మనిషితో వాదించలేమని ఆమె వచ్చేసింది.

అమావాస్య వచ్చింది. అమ్మవారిని పూలతో అలంకరించి నావ నడుమ నిలబెట్టారు. ఒక్కో ఊరి నుంచి ఇరవైమంది ఎక్కారు. మేడిలంక వారు అమ్మవారి ఎదురుకోలుకు మూడు కుండల మజ్జిగ తెచ్చారు. గవ్వలపాలెం వారు సారెగా బస్తాడు ఉప్పు తెచ్చారు. ఎవరి ఊరివారు వారి వైపే కూర్చున్నారు. దానివల్ల నావ ఒరగలేదు. ఆ మేరకు వారి వైరం ఉపకారమే చేసింది. సూరన్న కొత్త పంచె కట్టుకుని ముందు కొసన నిలబడ్డాడు. నావ కదిలీ కదలగానే కూర్చున్నాడు. కాసేపటికి పడుకున్నాడు.

పల్లాలు తెడ్డు వేస్తూ మనసులో తొందరపడుతోంది. నీరు అప్పటికే దక్షిణానికి జారుతోంది. ఆగకుండా పోతే దిబ్బను దాటెయ్యవచ్చు. ఆగితే కష్టం.

సరిగ్గా అప్పుడే పోతరాజు లేచాడు. "అమ్మ మొహం ఎటుంది?"

"మా వైపు ఉంది. అటే ఉండాలి" అన్నాడు రాయుడు.

"ఎట్టా కుదురుద్ది? ఆడపిల్ల అత్తారింటికి పోతా పుట్టింటి కేసి చూడదా? మా వైపు తిప్పండి."

"కాపురానికొచ్చే పిల్ల వెనక్కి చూస్తుందా? తిప్పడానికి వీల్లేదు."

వీల్లేదన్నాక గవ్వలపాలెం వారు తిప్పకుండా ఎలా ఉంటారు? నలుగురు లేచి తూర్పుకు తిప్పారు. నావ ఊగింది. మేడిలంక వారు నలుగురు లేచి పడమటికి తిప్పారు. మళ్ళీ ఊగింది. తిప్పిన ప్రతిసారీ పల్లాలు తెడ్డు ఆపి నావ ఒరగకుండా పట్టుకోవలసి వచ్చింది. ఆపిన ప్రతిసారీ పాటు నావను దక్షిణానికి ఈడ్చింది.

"బాబూ, కూర్చోండి! గట్టెక్కాక ఎటైనా తిప్పుకుందురు గాని" అని అరిచింది.

"నువ్వు చెప్పవే, నువ్వూ ఈ ఏరు దాటే కదా కాపురానికి పోయింది" అన్నాడు పోతరాజు. "ఆ రోజు ఎటు చూశావు? పుట్టింటికేసే కదా?"

"అత్తారింటికేసే చూసుంటుంది" అన్నాడు రాయుడు.

"నేను నీళ్ళకేసి చూశాను, పోతరాజు బాబాయ్. నా పెళ్ళి పడవలో తెడ్డు వెయ్యాల్సినోడు తాగి పడుకున్నాడు. పట్టుచీర ఎగ్గట్టి నేనే వేసుకున్నాను."

ఇది విని రెండు పక్షాలవారూ నవ్వారు. నవ్వినంతసేపు తగువు ఆగింది. అయితే అమ్మవారిని అప్పటికే ఏడుసార్లు తిప్పి ఉన్నారు. నవ్వు అయిపోయేసరికి నావ కింద ఇసుక 'సర్ర్' మంది. నావ ఏటి నడుమ ఇసుక మీద అడ్డంగా కూర్చుంది. ఇటు మేడిలంక కనిపిస్తోంది, అటు గవ్వలపాలెం కనిపిస్తోంది, చేరుకోవడానికి లేదు. పక్కన పాయల్లో నీరు మనిషిలోతు పైన పరుగెడుతోంది. ఈది పోదామంటే పెద్దమనుషులకు ఈత రాదు, వచ్చినవారికి పెద్దమనుషులను వదిలిపోయే ధైర్యం లేదు. ఎవరూ ఎటూ పోలేరు.

అవధానిగారు ఆకాశం వంక చూసి, లగ్నం మాత్రం చాలా బాగుందన్నారు.

జ్యేష్ఠమాసపు ఎండ. నీడ లేదు. మొదటి గడియ ఇది ఎవరి తప్పని వాదించుకున్నారు. రెండో గడియకు నోళ్ళు ఎండిపోయాయి. మేడిలంక వారు మజ్జిగ తీసి తాగబోయారు. ఉప్పులేని మజ్జిగ వెగటుగా ఉండి, ఆ ఎండలో చెమట పట్టిన ఒళ్ళకు సయించలేదు. ఉప్పు అడిగితే చిన్నతనం. గవ్వలపాలెం వారి దగ్గర బస్తాడు ఉప్పు ఉంది, చుక్క నీళ్ళు లేవు. మజ్జిగ అడిగితే చిన్నతనం. కుండలు ఈ పక్కన, బస్తా ఆ పక్కన, మధ్యలో అమ్మవారు. ఇద్దరూ అమ్మవారి వంకే చూస్తున్నట్టు నటించారు.

పల్లాలు లేచింది. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు ఉప్పు తీసింది. మేడిలంక కుండలో వేసి తెడ్డు కామతో కలిపింది. అమ్మవారి ముందు ఒక ముంత పెట్టి, దణ్ణం పెట్టుకుని, మిగిలింది వరసపెట్టి పోసింది. ఒక ముంత ఈ పక్కకు, ఒక ముంత ఆ పక్కకు.

"ఎవరి ఉప్పు తిన్నామో గుర్తుంచుకోండి" అన్నాడు పోతరాజు, తాగుతూనే.

"ఎవరి మజ్జిగలో కలిసిందో కూడా" అన్నాడు రాయుడు, తాగేశాక.

గొంతులు తడిశాక మనుషులు మాటల్లో పడ్డారు. ఎవరి పిల్లను ఎక్కడిచ్చారో, ఎవరి ఆవు ఈనిందో అడిగి తెలుసుకున్నారు. మేడిలంక వారూ గవ్వలపాలెం వారూ పని లేకుండా ఒకరి పక్కన ఒకరు కూర్చుని మాట్లాడుకోవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

పల్లాలు మాటల్లో కలవలేదు. దిబ్బ దిగి మొగ వైపు నడిచింది. తేలిన ఇసుక మీద ఎర్రపీతలు తిరుగుతున్నాయి. అవి ఒక్కొక్కటే బొరియల్లో దూరి లోపలి నుంచి ఇసుకతో నోళ్ళు మూసుకోవడం ఆమె చూసింది. తల ఎత్తింది. సముద్రం దగ్గర తెల్లటి నురుగు గీత. గాలి దక్షిణం నుంచి ఎదురుగా కొడుతోంది. అమావాస్య పోటు. దానికి గాలి తోడు.

ఆమె వెనక్కి తిరిగి తన నావను చూసింది. ముక్కు మేడిలంక వైపు పెట్టి ఏటికి అడ్డంగా పడి ఉంది. ఆ నురుగు గీత పక్క నుంచి తగిలిందా, నావ దొర్లిపోతుంది. నలభైమంది. వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళకు కూడా పంచెలున్నాయి, తలపాగాలున్నాయి.

పొద్దు వాలేసరికి ఆ నావ తనది కాదు. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. అయినా మామగారు దానికి వేసిన ప్రతి అతుకూ ఆమెకు తెలుసు. ఎవరిదైతేనేం, నావ నావే. పరుగున వచ్చింది.

"అందరూ దిగండి! పోటు వచ్చేస్తోంది. నావ ముక్కు సముద్రం వైపు తిప్పాలి. రాయుడుగారండీ, పంచె ఎగ్గట్టండి. బాబాయ్, నువ్వు ఆ పక్క చెయ్యి వెయ్యి."

మునసబు పంచె మోకాలి పైకి లేవడం అదే మొదలు. మోకాళ్ళు సామాన్యంగానే ఉన్నాయని చూసినవారు చెప్పారు. నలభైమందీ దిగి తోశారు. నావ కదలలేదు.

"బరువు ఎక్కువుంది. అమ్మవారిని దించాలి" అంది పల్లాలు.

చేతులు ఆగిపోయాయి. గవ్వలపాలెం వారు దించితే అమ్మవారిని వదులుకున్నట్టు. మేడిలంక వారు దించితే అందుకోకుండానే పోగొట్టుకున్నట్టు. నురుగు గీత ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది. అయినా ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. పట్టుదలలో ఈ రెండు ఊళ్ళను మించినవి ఈ తీరంలో లేవని సగర్వంగా చెప్పుకోవచ్చు.

పల్లాలుకు మాత్రం ఒప్పందం గుర్తుంది. అమ్మవారు దిగిన క్షణం నుంచి తెడ్డు తనది కాదు. దించమని అడుగుతున్నది తన నోటితో తనే. ఒక్క క్షణం తెడ్డు వంక చూసుకుంది. తరవాత నావ ఎక్కి, అమ్మవారి మెడలోని పూలదండ సర్ది, రెండు చేతులూ విగ్రహం కింద పెట్టింది.

"నేను ఇక్కడ కూతుర్ని, అక్కడ కోడల్ని. నేను ఎత్తితే రెండు ఊళ్ళూ ఎత్తినట్టే. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు రండి."

ఇద్దరు అటు నుంచి, ఇద్దరు ఇటు నుంచి వచ్చారు. అమ్మవారిని ఇసుక మీదికి దించారు.

"ఎటు తిప్పి పెట్టమంటా..." అని రాయుడు మొదలుపెట్టబోయాడు.

"నీళ్ళకేసి" అంది పల్లాలు. అలాగే పెట్టారు.

ఇంకోసారి తోస్తే నావ తిరిగింది. ముక్కు దక్షిణానికి వచ్చింది. జనం గబగబా ఎక్కారు. పల్లాలు ఎక్కలేదు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి తెడ్డు పైకి ఎత్తి పట్టుకుంది.

"అమ్మవారు నావ దిగింది. మాట ప్రకారం తెడ్డు సూరన్నది. తమ్ముడూ, పట్టుకో."

సూరన్న తెడ్డును చూశాడు. నురుగు గీతను చూశాడు. అది అప్పటికి గోడలా ఉంది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దక్కా. నాకు వ్యవసాయం ఉంది" అన్నాడు.

వ్యవసాయం ఉన్న సంగతి ఆయనకు అంతకు ముందెన్నడూ గుర్తు రాలేదు.

పల్లాలు తెడ్డును రాయుడి వైపు చాపింది. రాయుడు పోతరాజును చూశాడు. పోతరాజు అవధానిగారిని చూశాడు. అవధానిగారు కళ్ళు మూసుకున్నారు. నీరు పల్లాలు నడుము దాకా వచ్చింది.

"పల్లాలూ, ఎక్కమ్మా తల్లీ" అన్నాడు రాయుడు. "తెడ్డు నీదే. నీ తరవాత నీ ఇంటివాళ్ళదే. ఇంకెవరూ ముట్టుకోరు."

"బాబాయ్?" అని ఆమె పోతరాజు వైపు తిరిగింది.

"నా పిల్లల మీద ఒట్టు. ఎక్కవే!"

అది రెండు ఊళ్ళూ వాదించుకోకుండా కలిసి ఒప్పుకున్న రెండో విషయం. ఆమె నావ ఎక్కి తెడ్డు నీళ్ళలో దించింది. పోటు ఎదురుగా వచ్చి తగిలింది. నావ ముక్కు ఆకాశం దాకా లేచి, నిలబడి, మెల్లగా దిగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. మూడో అల మీద ఆమె నావను పడమటికి మళ్ళించి చీకటి పడకముందే మేడిలంక రేవులో కట్టేసింది. నలభైమంది ఎక్కారు, నలభైమందీ దిగారు. గవ్వలపాలెం వారు ఇరవైమందీ ఆ రాత్రి మేడిలంక ఇళ్ళల్లో భోంచేశారు. కూరల్లో ఉప్పు సరిపోయిందని ఒప్పుకున్నారు, తమదే కాబట్టి.

ఆ రాత్రి ఇద్దరు పెద్దలకూ కలలు వచ్చాయి. రాయుడి కలలో అమ్మవారు మేడిలంకకు వస్తానన్నారు. పోతరాజు కలలో గవ్వలపాలెంలోనే ఉంటానన్నారు. ఇటువంటి కలలను ప్రమాణంగా తీసుకోవడం కష్టం. పల్లాలుకు కల రాలేదు. అలసి పడుకుంది. అసలైన కల వచ్చింది అవధానిగారికి. నీళ్ళు ఓడుతున్న చీరతో అమ్మవారు ఎదుట నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడిగారట.

"రేపు పాటు ఎప్పుడు?"

నాలుగు శాస్త్రాలు చదివిన అవధానిగారికి జవాబు తెలియలేదు. తెల్లవారగానే ఆయన పల్లాలు గుమ్మంలోకి వచ్చారు. ఆ ఇంటి గుమ్మంలోకి ఆయన రావడం అదే మొదటిసారి. నోట్లో తాంబూలం లేదు.

"అమ్మా, ఈరోజు పాటు ఎప్పుడు?"

ఆమె ఏటి వంక చూసి చెప్పింది. ఆయన దాన్ని తాటాకు మీద రాసుకున్నారు. ఈనాటి నల్లబల్లకు మూలం ఆ తాటాకు.

పాటు వేళ అందరూ దిబ్బ దగ్గరికి వెళ్ళి చూస్తే అమ్మవారు పెట్టినచోటే, పెట్టినట్టే, సముద్రం వైపు చూస్తూ ఉన్నారు. పోటు తెచ్చిన ఇసుక చుట్టూ కుప్పపడి నడుము దాకా కూరుకుపోయారు. ఎత్తబోతే కదలలేదు. తిప్పబోయే సాహసం మాత్రం ఈసారి ఎవరూ చేయలేదు. "నీళ్ళ సంగతి పట్టని మీకోసం నీళ్ళను నేను చూస్తుంటాను" అని అమ్మవారు అక్కడే ఉండిపోయారని పెద్దలు భావించారు. నడి ఏట వెలసిన తల్లి కనుక నడేటమ్మ అయ్యారు. నావ ప్రతి దాటులోనూ దిబ్బ దగ్గర ఆగి, మేడిలంక మజ్జిగలో గవ్వలపాలెం ఉప్పు కలిపి, తలా ఒక గుక్క తాగి ముందుకు పోవాలని నియమం ఏర్పడింది.

పల్లాలు ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు తెడ్డు వేసింది. అమ్మవారు ఏ ఊరివారో చెప్పమని జనం అడిగితే, "దారిలో ఉన్నారు కదా, దారివారే" అనేది. సూరన్న చక్కగా వ్యవసాయం చేసుకున్నాడని వినికిడి.

కాలం గడిచి వంతెన వచ్చింది. నావ రేవులో ఒరిగింది. మొదటి బస్సు బయలుదేరిన రోజున డ్రైవరుకు నియమం ఎవరూ చెప్పలేదు. వంతెన నడుమకు వచ్చేసరికి బస్సులో ఉన్న అరవైమందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఏమైందోనని ఆయన బ్రేకు వేశాడు. అప్పటి నుంచి బస్సు అక్కడ ఆగుతోంది. గవ్వలపాలెం ఇప్పుడు పల్లె కాదు, పట్నం వారు సముద్రస్నానానికి వచ్చే చోటు. మేడంత హోటళ్ళు కట్టారు. మేడిలంక వారు వాటిని చూసి నవ్వుతారు, ఆదివారం అక్కడికే పోతారు. రెండు ఊళ్ళ మధ్య పెళ్ళి సంబంధాలు ఎక్కువయ్యాయి కనుక తగువులూ ఎక్కువయ్యాయి. అందుకు కూడా అమ్మవారు దారి చూపారు. తగువున్నవారు పాటు వేళ దిబ్బ మీద ఎదురెదురుగా కూర్చుని, పోటు వచ్చేలోగా తేల్చుకోవాలి. నీళ్ళు పాదాలు తాకేదాకా సాగిన తగువు ఇంతవరకు ఒక్కటే. ఆ అన్నదమ్ములు ఈదుకుంటూ రాజీపడ్డారు.

నడేటమ్మను కొలిచినవారికి ప్రయాణాల్లో ఆపద ఉండదని, అత్తింటికీ పుట్టింటికీ నడుమ నలిగే ఆడవారికి మాట చెల్లుబాటు అవుతుందని ఇక్కడివారి నమ్మకం. దర్శనానికి వచ్చేవారు మేడిలంక వైపు నుంచి అయితే మజ్జిగ, గవ్వలపాలెం వైపు నుంచి అయితే ఉప్పు తేవాలి. రెండూ ఒకరే తెస్తే ప్రసాదం చెల్లదు. మరిచిపోయి వచ్చినవారు ఎదుటి ఊరివారిని అడగాలి. అడగడానికి చిన్నతనం పడినవారు దాహంతోనే తిరిగి వెళ్ళవలసి ఉంటుంది.

ఏటా జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు జాతర. ఆ రోజు పల్లాలు నావను అలంకరించి దిబ్బ మీదకు చేరుస్తారు. రెండు ఊళ్ళ సర్పంచులు, దేవస్థానం సభ్యులు, పట్నం నుంచి వచ్చిన అధికారులు, ఎంత పెద్దవారైనా సరే, చెప్పులు విప్పి, పంచెలో ప్యాంట్లో మోకాలి పైకి మడిచి, ఇసుకలో దిగి నావను తొయ్యాలి. కామాడి వారి ఇంటి ఆడపడుచు మాత్రమే తెడ్డుతో నావలో నిలబడుతుంది. జనం గట్టున నిలబడి ఎవరి మోకాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పుకుంటారు. ఇది కూడా జాతరలో భాగమే.

ఆ నిమిషంలో సుభద్రమ్మగారు తెడ్డు పైకెత్తి వేసే కేక వంతెన మీద ఆగిన బస్సుల దాకా వినిపిస్తుంది. తరతరాలుగా అదే కేక. పల్లాలు నోటి నుంచి వచ్చిన నాటి నుంచి ఒక్క మాట మారలేదు.

"నావ ముక్కు సముద్రం వైపు తిప్పాలి. రాయుడుగారండీ, పంచె ఎగ్గట్టండి!"

రాయుడి వంశంలో ఎవరున్నా, ఎంత వయసు వారైనా, ఆ కేకకు ముందుగా వంగి నావ మీద చెయ్యి వేసేది వారే. అది మేడిలంకకు గౌరవమని మేడిలంక వారు చెప్పుకుంటారు. గవ్వలపాలెం వారు కాదనరు, రెండో చెయ్యి తమదే కనుక.